ట్రాక్‌కు వెళ్లి ఇంటికి తిరిగి రావలసిన కారుకు టైర్లు

చిరంజీవికి మీ బాబాయి ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు కొన్న పోలో జీటీ టీఎస్ఐ కారు ఫొటోలు చూశాను. సెకండ్ హ్యాండ్ బండి అయినా శుభ్రంగా ఉంది. దానికి 17 అంగుళాల అలాయ్ రిమ్ములు, వాటి మీద 215/40 టైర్లు వేయించి, జనవరిలో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నడపాలనుకుంటున్నానని రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరమే రాస్తున్నాను. కుర్రతనంలో మద్రాసు దగ్గరి శోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు చూడటానికి నెల్లూరు నుంచి బస్సెక్కి వెళ్లిన వాణ్ణి, ఆ తరువాత ముప్పై అయిదేళ్లు హైవే పక్కన టైర్ల దుకాణం నడిపిన వాణ్ణి కనుక, నీ ఉత్సాహాన్ని చల్లార్చాలన్న ఉద్దేశం నాకు లేదు. అయితే డబ్బు పెట్టే క్రమం మాత్రం మార్చుకోమంటాను.

ముందు ఒక లెక్క చూడు. హైదరాబాదు నుంచి ఆ ట్రాక్‌కు ఆరు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రానూపోనూ కలిపితే పదమూడు వందలు దగ్గర పడుతుంది. ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, నీ కారు ఒక చుట్టుకు రెండు నిమిషాల పైచిలుకు తీసుకుంటుంది కాబట్టి ఇరవై నిమిషాల సెషన్‌లో ఎనిమిది చుట్లు, అంటే దాదాపు ముప్పై కిలోమీటర్లు నడుపుతావు. రోజుకు నాలుగు సెషన్లు దొరికినా ట్రాక్ మీద నడిచేది నూట ఇరవై కిలోమీటర్లే. మిగిలిన దూరమంతా లారీల మధ్య, రోడ్డు మరమ్మతుల దగ్గర డైవర్షన్ల మీద, ఖర్మ కాలితే వానలో. నువ్వు కొనబోయే టైరు బతుకులో పదింట తొమ్మిది వంతులు రోడ్డు మీదే గడుస్తుంది. ఈ నిష్పత్తిని ఎదురుగా పెట్టుకుని చూస్తే చాలా ప్రశ్నలకు జవాబు దానంతట అదే తేలుతుంది.

ఇప్పుడు సైజు సంగతి. నీ కారుకు కంపెనీ ఇచ్చింది 185/60 ఆర్ 15 అని రాశావు. 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో అరవై శాతం టైరు పక్క గోడ ఎత్తు, అంటే 111 మిల్లీమీటర్లు. 15 అంటే అంగుళాల్లో రిమ్ము. రిమ్ము 381 మిల్లీమీటర్లకు రెండు గోడల ఎత్తూ కలిపితే మొత్తం వ్యాసం 603 వస్తుంది. నువ్వు చెప్పిన 215/40 ఆర్ 17 వ్యాసం 604. అంటే స్పీడోమీటరు లెక్క తప్పదు, గేర్లు బరువెక్కవు. యూరప్‌లో పోలో జీటీఐకి ఇదే సైజు ఇచ్చారు కూడా. లెక్క చూసుకునే అడిగావని నాకు అర్థమైంది, అందుకు సంతోషం. కానీ వ్యాసం మారకుండా రిమ్ము రెండు అంగుళాలు పెరిగిందంటే, ఆ రెండు అంగుళాలూ పక్క గోడలోంచే పోయాయని గుర్తుంచుకో. 111 మిల్లీమీటర్లు ఉండే గోడ 86కు దిగింది. జర్మనీ రోడ్ల మీద ఆ 25 మిల్లీమీటర్లు పోయినా ఎవరికీ తెలియదు. మన దగ్గర రాత్రిపూట నీళ్లు నిలిచిన గుంతలో చక్రం పడినప్పుడు రిమ్ము అంచుకూ రాతికీ మధ్య మిగిలే దిండు అదే. దుకాణంలో నేను చూసిన ఉబ్బిన టైర్లలో ఎక్కువ భాగం సన్న గోడవే. లోపలి తాళ్లు తెగిన చోట పక్క గోడ మీద నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు, టైరు పారేయవలసిందే. అలాంటి బుడిపెతో ట్రాక్ మీదికి దిగడమంటే ప్రాణంతో చెలగాటమే.

ఫార్ములా వన్ కార్లు కూడా 2022లో 13 అంగుళాల నుంచి 18కి మారాయి కదా అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. వాళ్ల ట్రాక్ మీద గుంతలుండవు, వాళ్ల టైరు రెండు గంటలు నిలిస్తే చాలు, ఆ కారెక్కి ఎవరూ ఇంటికి వెళ్లరు. నీ కారుకు పోలిక వేరే చోట ఉంది. 1997లో హోండా జపాన్‌లో అమ్మిన మొదటి సివిక్ టైప్ ఆర్ కారుకు 185 హార్స్ పవర్ ఇంజిను ఉండేది. ముందు చక్రాలు లాగే కార్లలో ఈనాటికీ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. దానికి ఇచ్చిన టైరు 195/55 ఆర్ 15. నీ పోలో ఇంజిను అంతకంటే చాలా చిన్నది. ఆ కారుకు చాలిన 15 అంగుళాలు నీ కారుకు చాలవా?

నా సలహా కూడా ఆ సైజే. 195/55 ఆర్ 15 వ్యాసం 595 మిల్లీమీటర్లు దాటి కాస్త ఉంటుంది, నీ పాత సైజు కంటే సుమారు ఒక శాతం తక్కువ. దానివల్ల కారు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, గేర్లు రవంత చురుకవుతాయి. పక్క గోడ 107 మిల్లీమీటర్లు మిగులుతుంది. ట్రాక్ మీద ఆసక్తి లేకుండా రోడ్డు సుఖమే కావాలనుకుంటే 195/60 ఆర్ 15 వేయమనేవాణ్ణి. ఏ సైజు తీసుకున్నా గోడ మీద చివర ఉండే అంకె, అక్షరం మాత్రం కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. 84 హెచ్ అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోయగలదని, గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకోగలదని అర్థం.

వెడల్పు పెంచితే నేలను తాకే వైశాల్యం పెరుగుతుందని, దాంతో పట్టు పెరుగుతుందని దుకాణానికి వచ్చే కుర్రవాళ్లందరూ చెబుతారు. అది సగమే నిజం. కారు బరువును మోసేది ప్రధానంగా లోపలి గాలి. గాలి ఒత్తిడి మారకపోతే నేలను తాకే వైశాల్యం పెద్దగా మారదు, దాని ఆకారం మాత్రం పొడవు తగ్గి అడ్డంగా పెరుగుతుంది. మలుపులో అది కొంత మేలే. కానీ పది మిల్లీమీటర్ల వెడల్పు ఇచ్చే పట్టు కంటే మెత్తని రబ్బరు ఇచ్చే పట్టు ఎంతో ఎక్కువ. అందుకే ముందు టైరు ఎంచుకో, తరువాత దానికి సరిపోయే రిమ్ము వెతుకు. నువ్వు రిమ్ము అందం చూసి, దానికి పట్టే టైరు కోసం తిరుగుతున్నావు.

రబ్బరు మెత్తదనాన్ని అంచనా వేయడానికి చాలా టైర్ల గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. అది కంపెనీ తానే వేసుకునే అంకె కనుక రెండు కంపెనీల మధ్య పోల్చడానికి అంతగా పనికిరాదు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకో. స్థూలంగా 400, ఆపైన ఉంటే దీర్ఘకాలం మన్నే ప్రయాణాల టైరు; 300 అటూ ఇటూ ఉంటే రోడ్డు మీద చురుకైన టైరు; 200 ఉంటే ట్రాక్ మనసులో పెట్టుకుని చేసినది. అంతకంటే బాగా తగ్గితే, రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్నా, దాని మీద నీళ్లు పోయే గాళ్లు తక్కువ కనుక నిలిచిన నీళ్లను పక్కకు తోయలేదు. నవంబరు వానలో ఒంగోలు దాటాక అలాంటి టైరుతో తొంభైలో వస్తే స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికవుతుంది. కారు నేలను వదిలి నీటి మీద తేలుతోందని దానర్థం. అప్పుడు బ్రేకు తొక్కినా ఏమీ జరగదు. నీకు 300 ప్రాంతంలో ఉన్నవి చాలు. పైగా 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చిన తరువాత, విదేశీ పత్రికల్లో పొగిడే 200 రకం టైర్లు ఇక్కడ నీ సైజులో దొరకడం కష్టమైంది. ఎవరో తెచ్చిపెడతామంటే ముందు గోడ మీద ఐఎస్ఐ గుర్తు చూడు, తరువాత డాట్ అనే అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు చూడు. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైనదని. మూడేళ్లుగా గోడౌన్లో మగ్గిన టైరును కొత్తదని అంటగట్టేవాళ్లు ఉన్నారు. నీ కారు మీద ఇప్పుడున్న టైర్లకు కూడా ఈ తేదీ చూసి నాకు తెలియజేయి. గాళ్లు నిండుగా ఉన్నా రబ్బరు ఆరేళ్లు దాటి గట్టిపడితే అవి ట్రాక్‌కు పనికిరావు.

రిమ్ము విషయంలో మాత్రం కొంచెం ఓపికగా చదువు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. నీ కారుకు 5 బోల్టులు, అవి ఉండే వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అలాయ్‌లలో పలు రకాల కార్లకు పట్టాలని మధ్య రంధ్రం పెద్దదిగా చేస్తారు. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు, తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే అంకె రిమ్ము వెనుక ఈటీ అని ఉంటుంది, అది కంపెనీ రిమ్ము మీది అంకెకు దగ్గరగా ఉండాలి. బాగా తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి ఫెండరుకు తగులుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. 195 టైరుకు 6 లేక 6.5 అంగుళాల వెడల్పు రిమ్ము తీసుకో.

ఇక బోల్టులు. నీ కంపెనీ బోల్టు తల కింది భాగం గోళీలా గుండ్రంగా ఉంటుంది, రిమ్ములో అది కూర్చునే గుంట కూడా అలాగే ఉంటుంది. బయటి అలాయ్‌లలో చాలావాటికి ఆ గుంట గరాటులా ఏటవాలుగా ఉంటుంది. చాలా ఏళ్ల కిందట, ఇదే కంపెనీ కారుకు బయటి అలాయ్‌లు వేసి, పాత బోల్టులే బిగించి పంపాను. స్పానరుకు గట్టిగానే తగిలాయి. నలభై కిలోమీటర్లు వెళ్లాక టకటకమని శబ్దం వస్తోందని ఆ పెద్దమనిషి వెనక్కి తెచ్చాడు. చక్రం విప్పి చూస్తే ఒక్కో గుంటలో సన్నని దారంలాంటి మెరుపు గీత ఒక్కటే ఉంది. గోళీ గరాటులో ఆ ఒక్క గీత మీదే ఆనింది, మిగిలిన చోటంతా ఖాళీ. రెండు బోల్టులు చేత్తో తిరిగాయి. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి కొత్త రిమ్ము వేసే ముందు గుంటలో వేలు పెట్టి తడిమి చూడకుండా బోల్టు ఎక్కించలేదు. నువ్వు కూడా ఏటవాలు బోల్టులు విడిగా కొను. బిగింపును కొలిచే టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించు, యాభై కిలోమీటర్ల తరువాత మళ్లీ చూడు, ట్రాక్ మీద ప్రతి సెషన్‌కూ ముందు చూడు.

రిమ్ము కొనేటప్పుడు దుకాణంలో తూకం అడుగు, సిగ్గుపడకు. 15 అంగుళాల్లో మంచి తేలిక రిమ్ము ఏడు కిలోల లోపు ఉంటుంది, నాసిరకం 17 పది కిలోలు దాటుతుంది. బరువైన చక్రం గుంతలో పడినప్పుడు లేచి మళ్లీ నేలను తాకేలోపు పట్టు ఉండదు, బ్రేకు వేసినప్పుడు ఆపడానికీ ఎక్కువ శ్రమ కావాలి. నిజం చెప్పాలంటే నీ కంపెనీ అలాయ్‌లే ఉంచుకుని, వాటి మీద మంచి 195/55 వేసుకున్నా ఈ జనవరికి ఏ లోటూ ఉండదు. నాలుగైదు సార్లు వెళ్లాక ఇంకా మోజు ఉంటే అప్పుడు ట్రాక్ కోసం రెండో జత చూద్దాం.

ట్రాక్ దగ్గర గాలి సంగతి నువ్వే చూసుకోవాలి. పెట్రోలు మూత లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉన్నది చల్లటి టైరుకు, రోడ్డు కోసం. ట్రాక్ మీద ఐదారు డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ (గేజీ మీద కనిపించే కొలత) పెరుగుతుంది కనుక, ముందు చక్రాల్లో నాలుగు పీఎస్ఐ తగ్గించి మొదలుపెట్టు. టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి రెండు అంగుళాలు చాక్‌పీసుతో గీతలు గియ్యి. సెషన్ ముగిసి లోపలికి రాగానే చూస్తే, గీత అంచు మీది చిన్న త్రికోణపు గుర్తు దాకా చెరిగితే గాలి సరిగ్గా ఉన్నట్టు, దాన్ని దాటి గోడ మీదికి చెరిగితే తక్కువైనట్టు, గుర్తును చేరకముందే ఆగితే ఎక్కువైనట్టు. వేడి మీద 34 నుంచి 36 మధ్య ఆగేలా సర్దుకో. ఆ ట్రాక్ సవ్యదిశలో తిరుగుతుంది, మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటి మలుపే వేగమైన కుడి మలుపు కనుక, నీ ముందు ఎడమ టైరు మిగిలిన మూడింటి కంటే ముందే అరుగుతుంది. ప్రతి సెషన్ తరువాత దాని బయటి అంచు చేత్తో తడిమి చూడు. కొత్త టైర్లను వేసిన మర్నాడే ట్రాక్ ఎక్కించకు. మొదటి రెండు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పై పొర అరగనివ్వు.

తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు చల్లారాక గాలి మళ్లీ కాగితం మీది అంకెకు పెంచడం మరచిపోవద్దు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలంటుంది కానీ, వానలో హైవే ఎక్కాలంటే మూడుకు తగ్గితే నేను ఒప్పుకోను.

ఇంకొక్క మాట. బయటి అలాయ్‌లు వేస్తే పాత బోల్టులను ఎవరికీ ఇచ్చేయవద్దు. నీ స్టెప్నీ కంపెనీ రిమ్ము, దానికి గుండ్రటి బోల్టులే కావాలి. అర్ధరాత్రి కావలి దగ్గర పంక్చరైతే చేతిలో ఏటవాలు బోల్టులే ఉంటే స్టెప్నీ ఉండీ లేనట్టే. ఐదింటినీ గుడ్డలో మూటగట్టి, పైన చీటీ అంటించి, జాకీ పక్కనే పెట్టు.

నీ బాబాయి