పాత తుపాకీ మందు డబ్బా ఊరికే ఇస్తే తీసుకోవచ్చా?

సెలవులకు తిరుపతి వచ్చినప్పుడల్లా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు వీసాల సంగతో, ఉద్యోగాల సంగతో అడుగుతుంటారు. ఈసారి బైరాగిపట్టెడలో ఒక పెద్దాయన వేరే సందేహం తెచ్చారు. వాళ్లబ్బాయి హెచ్1బీ మీద టెక్సస్‌లో ఉన్నాడు. ఇంటి ఓనరు వేటగాడు, తూటాలు ఇంట్లోనే నింపుకునేవాడు. వయసు మీదపడి చేతులు వణుకుతున్నాయని ఆ రీలోడింగ్ సరంజామా అంతా, పాత పౌడర్ డబ్బాలతో సహా, ఈ అబ్బాయికి ఊరికే ఇస్తానన్నాడట. "మందు పాతదైతే ఏముంది సార్, దీపావళి టపాకాయల్లాగా రెండు రోజులు మిద్దె మీద ఎండబెడితే సరిపోదా?" అన్నారాయన.

సరిపోదు. ఎండబెడితే అసలుకే మోసం. మన టపాకాయల్లో ఉండేది సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందు. దానికి తేమ తగిలితే నెమ్ము పట్టి తుస్సుమంటుంది, అంతే. తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ అలాంటిది కాదు. అది నైట్రోసెల్యులోజ్, కొన్ని రకాల్లో నైట్రోగ్లిజరిన్ కూడా కలుస్తుంది. డబ్బాలో ఉన్నా అది తనంతట తాను మెల్లగా విరుగుతూనే ఉంటుంది. అలా విరిగినప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు మిగిలిన పౌడర్‌ను కూడా తినేస్తాయి. ఆ వాయువుల్ని పట్టి ఉంచడానికే తయారీలో డైఫినైలమిన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది ఖర్చయిపోతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా అయిపోతుంది. స్టెబిలైజర్ అయిపోయాక పౌడర్ లోపల్లోపలే వేడెక్కుతుంది, ఎక్కువ మొత్తంలో ఉంటే దానంతట అదే అంటుకోవచ్చు కూడా.

ఇది పుస్తకాల భయం కాదు. ఈ రకం మందును 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియీ తయారు చేశాడు. అదే ఫ్రాన్స్ నౌకాదళానికి చెందిన ఇయెనా యుద్ధనౌక 1907లో టూలాన్ రేవులో పేలి వందమందికి పైగా చనిపోయారు. 1911లో అదే రేవులో లిబెర్తే కూడా పేలిపోయింది. రెండింటికీ నిల్వ ఉన్న మందు చెడిపోవడమే కారణమని చెబుతారు. ఇంట్లో ఉండే ఒక పౌండు డబ్బా అంత పని చేయదు గానీ, గరాజ్‌కు నిప్పంటించడానికి అది చాలు.

కానీ ఆ అబ్బాయి విషయంలో కెమిస్ట్రీ కంటే ముందు వీసా చూడాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, దాని మందుగుండు గానీ ఉండకూడదు. మనవాళ్లు "తుపాకీ కొనలేదు కదా" అనుకుంటారు. ఆ చట్టంలో మందుగుండు అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం), ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ల), బుల్లెట్ (ముందు ఎగిరే గుండు), పౌడర్, ఏది విడిగా ఉన్నా లెక్కలోకే వస్తుంది. అంటే ఓనరు ప్రేమగా ఇచ్చిన డబ్బా అల్మారాలో పెట్టుకున్నా నేరమే. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. అది చేతిలో లేకుండా, లాయర్‌ని అడగకుండా ఈ జోలికి పోవద్దని వాళ్లబ్బాయికి చెప్పమన్నాను. ఫ్రెండ్స్‌తో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీ పట్టుకునేవాళ్లకూ ఇదే మాట.

గ్రీన్‌కార్డు వచ్చి, వేట మీద నిజంగా ఇష్టం ఉండి, రీలోడింగ్ నేర్చుకునేవాళ్లు మన చిత్తూరువాళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు చెప్పేది వేరు. పాతదంతా చెడిపోయినట్టు కాదు. చల్లగా, పొడిగా, సొంత డబ్బాలో మూత బిగించి ఉంచితే పౌడర్ దశాబ్దాలు నిలుస్తుంది. మూత తీయగానే ఈథర్ లాగానో, స్పిరిట్ లాగానో వాసన వస్తే అది మామూలే. ముక్కులో గుచ్చే యాసిడ్ ఘాటు వచ్చినా, తుప్పు లాంటి ఎర్రటి సన్న పొడి కనిపించినా, మూత లోపల తుప్పు పట్టినా దాన్ని వాడకండి. మంచి పౌడర్‌లో కలిపి "పలచన" చేయడం అసలు వద్దు, రెండూ పోతాయి. చెడిన పౌడర్‌తో నింపిన తూటాల్లో యాసిడ్ ఇత్తడిని తినేసి పచ్చటి చిలుము కడుతుంది, కేసు మెడ దగ్గర పగుళ్లు వస్తాయి.

నా మటుకు వాసన కంటే లేబుల్‌కే ఎక్కువ భయపడతాను. లేబుల్ లేని డబ్బాలో, కాఫీ సీసాలో పోసి ఇచ్చిన పౌడర్ ఎంత తాజాగా కనిపించినా ముట్టుకోను. పిస్టల్ పౌడర్ చాలా వేగంగా మండుతుంది, రైఫిల్ పౌడర్ నిదానంగా మండుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. రైఫిల్ కేసు నిండా పిస్టల్ పౌడర్ పోస్తే తుపాకీ మొహం ముందే పేలుతుంది. లేబుల్ ఉన్నా పేరు పూర్తిగా చదవాలి. ఐఎమ్‌ఆర్ 4895, హెచ్4895 అనే రెండు పౌడర్ల అంకె ఒకటే, కానీ తూటాలో పోయాల్సిన కొలతలు వేరు. తయారుచేసినవాళ్లు ఇచ్చే కొలతల పట్టిక చూడకుండా ఓనరు నోటుబుక్కులో రాసుకున్న లెక్కల్ని నమ్మొద్దు.

చెడినదాన్ని కాలువలోనో చెత్తబుట్టలోనో వేయకూడదు. డబ్బాతో సహా కాల్చడం ఇంకా ప్రమాదం. ఊళ్లోని ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు 911 (అత్యవసర నంబరు) కాకుండా మామూలు నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. వీసా మీద ఉన్నవాళ్లు అదీ చేయాల్సిన పని లేదు, ఓనరే చేసుకుంటాడు. "థ్యాంక్స్ సార్, నా వీసాకు ఇది కుదరదు" అంటే చాలు. అక్కడివాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు.

ఇంకో సంగతి. పౌడర్‌ను విమానంలో చేతిబ్యాగులోనూ, చెక్-ఇన్ లగేజీలోనూ తేనివ్వరు. మన ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా కేసే. తెలియక వచ్చిందని నిరూపించుకునేసరికి సెలవులన్నీ కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతాయి. అలిపిరి దగ్గర కూడా కొండకు వెళ్లే సామాన్లన్నీ స్కాన్ చేస్తారు. అందుకే రేంజ్‌కో వేటకో తీసుకెళ్లిన బ్యాగును ఊరికి వచ్చేటప్పుడు వాడొద్దు.