కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు: ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: "హెచ్‌సీయూ 400 ఎకరాల విషయంలో ప్రభుత్వం ఒకటి చెప్పింది, విద్యార్థులు ఇంకొకటి చెప్పారు. ఫొటోల్లో సగం ఏఐ అన్నారు. మామూలు మనిషి ఎవరిని నమ్మాలి?"

హైదరాబాద్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) దగ్గరి కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ప్రభుత్వం తనదంటూ 2025లో చెట్లు నరికించడం, విద్యార్థులు అడ్డుపడటంతో రేగిన గొడవ ఇది. ఎవరినీ నమ్మక్కర్లేదండీ, చాలావరకు మీరే చూసుకోవచ్చు. కాకపోతే ఈ గొడవలో నాలుగు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటలో కట్టేశారు. భూమి ఎవరిది? హద్దులెక్కడ? అది అడవి కిందికి వస్తుందా? ఎంత మేర నరికారు? ఒకదాంట్లో గెలిచినవాళ్లు ఆ గెలుపు చూపించి మిగతా మూడింటి నోరు మూయించాలని చూస్తారు. రెండు పక్షాలదీ ఇదే పద్ధతి.

ముందు భూమి సంగతి. 1975లో యూనివర్సిటీకి సుమారు 2,300 ఎకరాలు అప్పగించారు. 2003-04లో అందులోంచి 400 ఎకరాలు క్రీడా సదుపాయాల పేరుతో ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థకు వెళ్లాయి. 2006లో ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కోర్టులో ఏళ్ల తరబడి నలిగాక 2024 మార్చి 7న హైకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పిచ్చింది, మే 3న సుప్రీంకోర్టు ఐఎంజీ వేసిన ప్రత్యేక అనుమతి పిటిషన్‌ను (అప్పీలుకు అనుమతి కోరే పిటిషన్) కొట్టేసింది. జూన్‌లో జీవో ఇచ్చి భూమిని రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీకి కట్టబెట్టారు.

"సుప్రీంకోర్టే ప్రభుత్వ భూమి అని తేల్చేసింది" అనే మాట పుట్టింది ఇక్కడే. అది సగమే నిజం. ఆ కేసు ప్రభుత్వానికీ ఐఎంజీకీ మధ్య నడిచింది. యూనివర్సిటీ హక్కు మాటేమిటన్నది అక్కడ తగువే కాదు. పైగా ప్రత్యేక అనుమతి పిటిషన్‌ను కొట్టేయడం అంటే కింది కోర్టు చెప్పిన ప్రతి వాక్యానికీ సుప్రీంకోర్టు ముద్ర పడినట్టు కాదు, "ఇందులో మేం జోక్యం చేసుకోం" అన్నట్టు మాత్రమే. అలాగని "ఇది యూనివర్సిటీ సొంత భూమి" అన్న వాదనకూ కాగితాల్లో బలం తక్కువే. యాభై ఏళ్లుగా అనుభవంలో ఉండటం వేరు, హక్కు బదిలీ కావడం వేరు. రెవెన్యూ రికార్డుల్లో ఆ భూమి "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ" అనే ఉంది. కంచ అంటే పశువుల మేతకు వదిలిన నేల, అస్తబల్ అంటే గుర్రపుశాల. నిజాం కాలం నాటి వర్గీకరణ అది. అక్కడ ఇవాళ ఏ చెట్లున్నాయో ఆ పదం చెప్పదు.

ఈ కాగితాలు చదివేవాళ్లు దాదాపు ప్రతిసారీ బోల్తా పడే చోటు ఒకటుంది. 2004 ఫిబ్రవరిలో యూనివర్సిటీ 534.28 ఎకరాలు వెనక్కిచ్చిందని, బదులుగా గోపన్‌పల్లిలో 397.16 ఎకరాలు తీసుకుందని ప్రభుత్వం చూపిస్తుంది. ఆ చుక్క దశాంశం కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య గీత. ఎకరాకు 40 గుంటలు. కాబట్టి 397.16 అంటే 397 ఎకరాల 16 గుంటలు, దశాంశంలో 397.4. గోపన్‌పల్లి సర్వే నంబర్లు 36, 37లో 191.36, 205.20 అని ఉంటాయి. కాలిక్యులేటర్‌లో కూడితే 396.56 వస్తుంది. "చూశారా, లెక్కల్లో తేడా, స్కామ్!" అని పోస్టు పెట్టేస్తారు. గుంటల లెక్కలో 36కు 20 కలిపితే 56, అందులో 40 ఒక ఎకరం, మిగిలింది 16. లెక్క సరిగ్గానే కుదురుతుంది.

ఇక హద్దులు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దీని గురించి మాట్లాడినవాళ్లు మాత్రం తక్కువ. 400 ఎకరాలున్నది సర్వే నంబరు 25లో. కానీ ఆ నంబరు ఆ 400తో అయిపోదు, క్యాంపస్‌లో ఎంతో భాగం అదే నంబరు కింద ఉంది. ఆన్‌లైన్‌లో సర్వే నంబరు కొట్టి "ఇదిగో ప్రభుత్వ భూమి" అని స్క్రీన్‌షాట్ పెడితే హద్దు ఎక్కడో తెలియదు. 2024 జూలైలో యూనివర్సిటీ అధికారుల సమక్షంలోనే సర్వే చేసి హద్దులు తేల్చామని టీజీఐఐసీ అంది. అలాంటి సర్వే జరగనే లేదని 2025 మార్చి 31న యూనివర్సిటీ రిజిస్ట్రార్ ప్రకటన ఇచ్చారు.

ఇందులో ఎవరిది నిజమో మాటలతో తేలదు, కాగితాలతో తేలుతుంది. హద్దుల సర్వే నిజంగా జరిగితే నాలుగు వస్తువులు మిగలాలి: పక్క భూమివాళ్లకు ఇచ్చిన నోటీసు, ఆ రోజు రాసిన పంచనామా, హాజరైనవాళ్ల సంతకాలు, కొలతలతో స్కెచ్. ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టేటప్పుడు "సర్వే ఎందుకు చేయలేదు?" అని అడగకండి. ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం రాయాల్సిన బాధ్యత వాళ్లకు లేదు, ఆ ఒక్క ముక్కతో తిప్పి పంపేస్తారు. "శేరిలింగంపల్లి మండలం, కంచ గచ్చిబౌలి, సర్వే నంబరు 25కు సంబంధించి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జారీ అయిన సర్వే నోటీసులు, పంచనామా, స్కెచ్ ధ్రువీకరించిన ప్రతులు ఇవ్వండి" అని రాయండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు. అదే దరఖాస్తు యూనివర్సిటీకీ విడిగా పెట్టండి, అది కేంద్ర సంస్థ. ఒకచోట కాగితం ఉండి రెండోచోట "మా దగ్గర లేదు" అని వస్తే అప్పుడు మీ చేతిలో నిజమైన వార్త ఉన్నట్టు.

అడవి ప్రశ్నకు వస్తే, "రికార్డుల్లో ఎక్కడా అటవీ భూమి అని లేదు" అన్నది ప్రభుత్వ వాదన. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తెలిసినవాళ్లకు ఇది జవాబు కాదు. నిఘంటువు అర్థంలో అడవి అనిపించుకునేది ఏదైనా, యజమాని ఎవరైనా, నోటిఫై చేయకపోయినా, 1980 అటవీ చట్టం కిందికి వస్తుందని అందులో ఉంది. అంటే భూమి కేసులో గెలిచినంత మాత్రాన నరికే హక్కు దానంతట అది రాదు. ఉద్యమం వైపు అతి కూడా తక్కువేం కాదు. ఇన్ని వందల పక్షులు, ఇన్ని వందల మొక్కలు అని తిరిగిన జాబితాలు చూసినప్పుడు అది ఆ 400 ఎకరాల లెక్కా, మొత్తం క్యాంపస్ లెక్కా అని అడగండి. అడవి అని తేలినా భూమి యూనివర్సిటీది అయిపోదు.

ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. ఘిబ్లీ తరహా (జపాన్ కార్టూన్ శైలి) ఏఐ బొమ్మ చూసి నిజం ఫొటో అని ఎవరూ మోసపోరు. దాన్ని రీపోస్టు చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారిణికి పోలీసులు నోటీసివ్వడం మరీ విడ్డూరం. ప్రమాదమంతా అచ్చం ఫొటోలా ఉండే జేసీబీ ముందు జింకల చిత్రాలతోనే. వాట్సాప్ ఫైలు పేరులో ఉండే తేదీ, ఉదాహరణకు IMG-20250401 లాంటిది, ఫొటో తీసిన రోజు కాదు, ఫోనుకు చేరిన రోజు. తీసిన సమయం, చోటు వివరాలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తుడిచిపెట్టుకుపోతాయి. తీసినవాళ్లను "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి. అప్పుడు మిగులుతాయి. ఒక చిత్రం ఏఐ అని తేలితే తేలింది ఆ చిత్రమే. నరకలేదని కాదు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెప్పగా హైకోర్టు రిజిస్ట్రార్ వెళ్లి చూసి సుమారు 100 ఎకరాల్లో ధ్వంసం జరిగిందని నివేదించారు. ఆ పని మార్చి 30న, ఉగాది రోజున, మర్నాడు రంజాన్ ఉండగా మొదలైంది. సెలవుల్లో అంత తొందరేమిటని తర్వాత కోర్టూ అడిగింది.

ఆ 100 ఎకరాలను మీరు ఇంట్లో కూర్చుని కొలవొచ్చు. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఐరోపా ఉపగ్రహాలు సెంటినెల్-2 తీసిన చిత్రాలు ఉచితం, సుమారు 5 రోజులకొకటి వస్తాయి. మేఘాలు లేనివి చూసి మార్చి 30కి కాస్త ముందుది ఒకటి, ఏప్రిల్ మొదటి వారంది ఒకటి తీసుకుని పక్కపక్కన పెట్టండి. ఫాల్స్ కలర్ ఎంచుకుంటే పచ్చదనం ఎర్రగా, దున్నిన నేల లేత బూడిదగా కనబడుతుంది. చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్ల చదరం, ఎకరాకు దాదాపు 40 చుక్కలు. 100 ఎకరాలంటే ఒక్కో పక్క 636 మీటర్లు ఉండే చదరం, దాన్ని ఎవరూ దాచలేరు. బ్రౌజర్‌లోనే గీత గీస్తే విస్తీర్ణం చెబుతుంది. హెక్టార్లలో ఉంటే 2.47తో, చదరపు కిలోమీటర్లలో ఉంటే 247తో గుణిస్తే ఎకరాలొస్తాయి.

ఇక్కడ తప్పులు రెండు జరుగుతాయి. మన దగ్గర మార్చి అంటే ఆకు రాలే కాలం. జనవరి చిత్రంతో పోల్చారంటే నరకని చోట కూడా పచ్చదనం పోయినట్టే కనిపిస్తుంది. అందుకే ముందటి ఏడాది అదే నెల చిత్రం, పక్కనే ఎవరూ ముట్టని ముక్క చిత్రం కూడా చూడాలి. గచ్చిబౌలి బండలు తెల్లగా మెరుస్తాయి, వాటిని నరికిన నేలనుకోకుండా ఉండటానికీ పాత చిత్రమే దిక్కు.

రెండో తప్పు వానలు పడ్డాక. ఏప్రిల్ 16న కోర్టు ఆ 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమంది. జూలై, ఆగస్టు చిత్రం చూపించి "ఇదిగో, మళ్లీ పచ్చబడింది" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ పచ్చదనం గడ్డిది, పిచ్చిమొక్కలది. చెట్లు వచ్చాయో లేదో చూడాలంటే డిసెంబరు దాకా ఆగి, గడ్డి ఎండిపోయాక, చెట్ల ఆకులు ఇంకా రాలకముందు తీసిన చిత్రం తెరవండి.