నాన్న దగ్గర పెట్టిన పూలు పారేయాలంటే మనసొప్పట్లేదు

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. వచ్చినవాళ్ళు తెచ్చిన బొకేలు, పూలచక్రాలు అన్నీ హాల్లోనే ఉన్నాయి. గులాబీలు తలలు వాల్చేశాయి, నీళ్ళు వాసనొస్తున్నాయి. అన్నయ్యేమో చెత్తలో వేసేద్దాం అంటాడు, అమ్మ ముట్టుకోనివ్వట్లేదు. నాకూ పారేయాలంటే మనసొప్పట్లేదు, పోనీ దాచుకుందామంటే ఎన్నని దాచను? మా పిల్లి కూడా పొద్దస్తమానం ఆ లిల్లీల దగ్గరే తిరుగుతోంది. ఏం చేయమంటారు? పేరు వేయొద్దు ప్లీజ్.

జవాబు: ముందు ఇది చదవడం ఆపి ఆ లిల్లీలు ఇంట్లోంచి తీసేయండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. లిల్లీ పిల్లులకి విషం, రేకు, ఆకు, పుప్పొడి, ఆఖరికి అవి పెట్టిన నీళ్ళు కూడా. ఒంటిమీద పుప్పొడి రాలితే పిల్లి ఊరుకోదు కదా, నాకేస్తుంది, దాంతో కిడ్నీలు పాడైపోతాయి. కొరికిందేమో అని డౌట్ వచ్చినా, పైకి బానే ఉంది కదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

తీసేశారా? సరే. ఇప్పుడు అమ్మ సంగతి. "ఇవి పారేయనా" అని అడిగితే ఏ అమ్మైనా వద్దనే అంటుంది, ఆవిడకి అది పూల గురించి అడిగినట్టు వినపడదు. "వీటిల్లో నీకేది ఉంచమంటావమ్మా" అని అడిగి చూడండి, ఒకటో రెండో చూపిస్తారు. అన్నీ దాచడం ఎలాగూ కుదరదు, కానీ అమ్మ చూపించిన ఆ ఒక్కటి మాత్రం ఇవాళే ఎండబెట్టాలి, పువ్వు మనకోసం ఆగదు. మీ అన్నయ్య చెప్పేదీ తప్పు కాదు, కాస్త తొందరపడుతున్నాడంతే.

ఏ బొకే కదిపినా ముందు దానికున్న కార్డు తీసి, వెనకాల పెన్సిల్‌తో ఏ పూలో రాసి, ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పుడు అనవసరం అనిపిస్తుంది గానీ కొన్నాళ్ళు పోయాక ఎవరు ఏం పంపారో ఒక్కటీ గుర్తుండదు, థాంక్స్ చెప్పాలన్నప్పుడు ఈ కార్డులే దిక్కు.

ఎండబెట్టడం విషయానికొస్తే, తల వాల్చేసిన గులాబీ ఎండినా అంత బాగా రాదు, ఇంకా గట్టిగా ఉన్నది ఏరుకోండి. ఆకులు దూసేసి, కాడలకి రబ్బరు బ్యాండు వేసి (దారమైతే కాడలు ఎండి సన్నబడ్డాక జారిపోతాయి), వెలుతురు పడని పొడి చోట తలకిందులుగా వేలాడదీస్తే రెండు మూడు వారాల్లో గలగలలాడతాయి. ఎరుపు కాస్తా నల్లగా తిరుగుతుంది, తెలుపు లేత గోధుమరంగులోకి వస్తుంది, అప్పుడు కంగారుపడకండి. రంగు నిలబడాలంటే మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ (తడి పీల్చేసే చిన్న చిన్న గింజలు) పోసి పువ్వుని పూర్తిగా మునిగేలా కప్పి ఒక వారం వదిలేయడం మేలు. పుస్తకంలో నొక్కాలంటే రెండు వైపులా మామూలు తెల్ల కాగితం పెట్టి, నాలుగైదు రోజులకోసారి కాగితం మార్చండి. నేను మా పెద్దమ్మ పోయినప్పుడు ఒక గులాబీని తడి ఆరకుండానే డిక్షనరీలో పెట్టి మూసేశా, నెల తర్వాత తెరిస్తే బూజు పట్టి రేకులు పేజీకి అతుక్కుపోయి ఉన్నాయి. ఇప్పటికీ ఆ పేజీలో సగం మాటలు కనపడవు.

తడి, వెలుతురు తగలకపోతే పువ్వు ఎంతకాలం ఉంటుందో తెలుసా? 1922లో హోవార్డ్ కార్టర్ అనే పురావస్తు పరిశోధకుడు ఈజిప్టులో పూర్వకాలపు రాజు టూటన్‌ఖామున్ సమాధి కనిపెట్టాడు కదా, ఆ తర్వాత రాతిపెట్టె మూత తెరిస్తే లోపలున్న శవపేటిక మీద చిన్న పూలచక్రం ఉంది, 3,300 ఏళ్ళయినా రేకుల్లో కొంచెం రంగు మిగిలే ఉందట. ఆ రోజుల్లో కూడా పోయినవాళ్ళ దగ్గర ఎవరో పూలు పెట్టి వెళ్ళారు చూడండి.

మిగిలినవాటిల్లో ఇంకా తాజాగా ఉన్నవుంటే దగ్గర్లో వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి అడిగి ఇవ్వండి, రిబ్బన్లు మాత్రం తీసేసి. హాస్పిటల్ అయితే కనుక్కోకుండా వెళ్ళకండి, ఐసీయూల్లో చాలాచోట్ల పూలు రానివ్వరు. వాడిపోయినవి మట్టిలోకే. పూలచక్రం విప్పి వైరు, పిన్నులు, ప్లాస్టిక్ కాగితం విడిగా తీసేయండి. లోపల పచ్చగా స్పాంజిలా ఉంటుందే, కాడలు గుచ్చేది, అదీ ప్లాస్టికే, మట్టిలో కలవదు, పొడి చేసి సింకులో కడగొద్దు, చెత్తలోనే వేయండి. పూలు, కాడలు చిన్నగా తుంచి ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి, అప్పుడప్పుడూ తిరగేస్తూ ఉంటే కొన్ని నెలల్లో ఎరువైపోతాయి. నాన్నగారు పెంచిన మొక్కలేమైనా ఉంటే వాటికే వేయండి. చెరువులోనో కాలవలోనో వదలొద్దు, కుళ్ళేటప్పుడు నీళ్ళల్లో ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలకి కష్టం. కొన్న పూల మీద మందులు కొట్టి ఉంటారు కాబట్టి తినేవాటిల్లో రేకులు వేయడం లాంటివి అసలొద్దు.

ప్రశ్న: సమాధి మీద పెట్టిన పూలచక్రం ఎన్నాళ్ళకి తీయాలండీ?

జవాబు: అక్కడి ఆఫీసులో అడగండి. చాలాచోట్ల కొన్నాళ్ళు చూసి వాళ్ళే తీసేస్తారు, మీకు చెప్పరు కూడా. కార్డో రిబ్బనో కావాలనుకుంటే ఈ వారంలోనే వెళ్ళి తెచ్చేసుకోండి, వాన పడితే ఇంకు కారిపోతుంది.