కారు లేకుండా ఫ్రాన్స్ పల్లెలు: దోర్దోన్ కాదు, కోల్మార్ వెళ్లండి

పారిస్ నుంచి మూడు రోజులు, డ్రైవింగ్ రాదు, వెంట శాకాహారి అయిన అమ్మగారు, చూడాల్సింది నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోన్ పల్లెలు అన్నారు కదండీ. ఆ ప్లాన్ మార్చుకోండి. బేనాక్, లా రోక్ గజాక్ లాంటి అక్కడి పల్లెలు అందమైనవే కానీ అక్కడ కారు లేకపోతే కాళ్లు కట్టేసినట్టే.

బదులుగా తూర్పు ఫ్రాన్స్‌లోని అల్జాస్ ప్రాంతం వైపు వెళ్లండి. పారిస్ తూర్పు స్టేషన్‌ గార్ ద లెస్త్ నుంచి అక్కడి కోల్మార్ పట్టణానికి నేరుగా టీజీవీ (హైస్పీడ్ రైలు) ఉంది, సుమారు రెండున్నర గంటలు. మూడు రాత్రులూ కోల్మార్‌లోనే దిగండి, రోజూ సూట్‌కేసులు మోసే టెన్షన్ ఉండదు.

ఏగిసైమ్ అనే పల్లె అక్కడికి ఏడు కిలోమీటర్లే, టాక్సీ చాలు. కోట చుట్టూ వీధులు జంతికలా తిరుగుతాయి, బయల్దేరిన చోటికే వచ్చేస్తారు. తలెత్తి చూడండి, చౌరస్తాలో చిన్న చర్చి కప్పు మీద కొంగల గూడు కనిపిస్తుంది. రిక్‌విర్, కైజర్స్‌బర్గ్ ఊళ్లకి కోల్మార్ నుంచి బస్సులున్నాయి, ఆదివారం మాత్రం వాటిని నమ్ముకోకండి. రిక్‌విర్‌లో 1291 నాటి డోల్డర్ బురుజు ఉంది. మధ్యాహ్నం టూరిస్టు గుంపులు, పొద్దున్నే వెళ్తే వీధంతా మీ సొంతమే.

అమ్మగారికి ఫ్లామ్‌కూష్ అనే అక్కడి వంటకం అడిగేటప్పుడు జాగ్రత్త. పల్చటి అప్పడంలా అమాయకంగా కనిపిస్తుంది, మీద పంది మాంసం ముక్కలుంటాయి. "సాన్ లార్దోన్" అని చెప్పండి, అవి లేకుండా చేస్తారు. రాళ్లు పరిచిన దారులు కాబట్టి ఆవిడకి చెప్పులు కాదు, మెత్తటి బూట్లు.