సర్కస్‌లో ఆడ జోకర్లు ఎందుకు కనిపించరు?

ఎవరో అడిగిన ఈ ప్రశ్న కింద ఇంకో ముక్క కూడా ఉంది: "ఆడవాళ్ళకి హాస్యం రాదనా, అవకాశం ఇవ్వకనా?" అది చదివి ఫోన్ పక్కన పడేశాను. పప్పు కుక్కర్‌లో పెట్టాక మళ్ళీ కోపం వచ్చింది. మూడో విజిల్ వచ్చేలోపు రాయడం మొదలుపెట్టాను. పొడుగైతే ఏమనుకోకండి.

ముందు నా అర్హత. జీవితంలో ఒక్కసారి, పది నిమిషాలు, జోకరు వేషం వేశాను. చూసినవాళ్ళు ముప్ఫైమంది కూడా ఉండరు. అయినా ఈ విషయంలో మీ అందరికంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం.

మాది తెనాలి. వికటకవి పేరు చెప్పి కాలర్ ఎగరేసే ఊరు. ఆ వికటకవి కథల్లో ఆడమనిషి నవ్వించిన కథ ఒక్కటి చెప్పండి చూద్దాం. సరే, అది వేరే గొడవ. చిన్నప్పుడు సర్కస్ డేరా వేస్తే నాన్న తీసుకెళ్ళేవారు. ఊయలల మీద, తీగ మీద, సైకిళ్ళ మీద ఎక్కడ చూసినా అమ్మాయిలే. ప్రాణం మీదికి తెచ్చుకునే పనులన్నీ వాళ్ళవి. ఫీటుకీ ఫీటుకీ మధ్య వచ్చి వెల్లకిలా పడి, ప్యాంటు జారిపోయి, చెక్కబద్దతో ఠప్పుమని కొట్టించుకునేది మాత్రం మగవాళ్ళు. అంత ఎత్తునుంచి దూకే పిల్ల నేల మీద జారిపడలేదా? ఆ అనుమానం అప్పుడే వచ్చిందని రాసుకుంటే గొప్పగా ఉండేది గానీ, రాలేదు. నేను పీచుమిఠాయి తినే పనిలో ఉన్నాను.

పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్ళు పారిస్ పక్కన సాన్‌దెనీలో ఉన్నాం. అక్కడ రైలు స్టేషన్ దగ్గర చెక్కతో కట్టిన పెద్ద డేరా లాంటి భవనం ఒకటుంది. అకాదెమీ ఫ్రాటెల్లినీ అని, సర్కస్ నేర్పే బడి. సర్కస్‌కి కాలేజీ ఏమిటని నవ్వుకున్నాను. మన దగ్గర పిల్లవాడు చదవకపోతే "సర్కస్‌లో చేరతావా" అని బెదిరిస్తాం కదా, అదే బుర్ర. తర్వాత మా పేటలోనే ఒక చిన్న హాల్లో పిల్లలకి సర్కస్ క్లాసులు పెడుతున్నారంటే మా అమ్మాయిని చేర్పించాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. టీచర్‌కి అరవై దాటి ఉంటాయి. చిన్నప్పుడు ఆనీ ఫ్రాటెల్లినీని రింగ్‌లో చూశానని ఆవిడ చెప్పింది. ఎవరని అడిగాను. అడగడమే నా తప్పు, పిల్లల క్లాసు అరగంట ఆలస్యమైంది.

ఫ్రాటెల్లినీలంటే జోకర్ల వంశం. పాల్, ఫ్రాన్స్వా, ఆల్బేర్ అని ముగ్గురన్నదమ్ములు. 1920ల్లో పారిస్‌లో, మోంమార్త్ర్ దగ్గరి మెడ్రానో సర్కస్‌లో వీళ్ళని చూడటానికి రచయితలూ చిత్రకారులూ ఎగబడేవారు. పాల్ కొడుకు విక్టర్, విక్టర్ కూతురు ఆనీ. 1932లో అల్జీర్స్‌లో పుట్టింది. తల్లి వైపు కూడా సర్కస్ కుటుంబమే. ఇంకేం, పుట్టగానే ఎర్ర ముక్కు తగిలించారేమో అనుకుంటాం. లేదు. పదమూడు పద్నాలుగేళ్ళకే మెడ్రానోలో రింగ్ ఎక్కింది, ఎక్కింది గానీ జోకరుగా కాదు. ఆ తర్వాత సర్కస్ వదిలేసి పాటలు పాడింది, శాక్సఫోన్ వాయించింది, సినిమాల్లో వేసింది. తాత వేషం మాత్రం చాలాకాలం దూరంగానే ఉండిపోయింది. మన ఇళ్ళలో మృదంగం కొడుకుకీ తంబురా కూతురికీ వెళ్ళినట్టే అక్కడా జరిగిందనుకుంటాను.

1969లో ఆవిడ పియేర్ ఎతెక్స్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన సినిమా దర్శకుడు, ఒక చిన్న సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. జోకర్లంటే పిచ్చి. ఆయనే ఈవిడని ఆ వైపు తోశాడు. 1971లో పిండర్ సర్కస్‌తో ఇద్దరూ జోడీగా బయల్దేరారు. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో మనవాళ్ళు "ఇంక ఈ వయసులో ఏం నేర్చుకుంటావే" అంటారు, జూంబా క్లాసుకి వెళ్తానన్నా సరే.

ఇక్కడ ఒక సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అక్కడి పాత సర్కస్‌లో జోకర్లు జంటగా వస్తారు. ఒకడు తెల్ల జోకరు. ముఖమంతా తెల్ల రంగు, తళుకుల బట్టలు, కోసు టోపీ. దర్జాగా ఉంటాడు, అన్నీ తెలిసినవాడు, ఆజ్ఞలు వేస్తాడు. రెండోవాడు ఓగుస్త్. ఎర్ర ముక్కు, పడవల్లాంటి బూట్లు, ఎవరిదో కోటు. ఏం చెప్పినా తప్పుగా చేస్తాడు, పడతాడు, తన్నులు తింటాడు. రావుగోపాలరావు, అల్లు రామలింగయ్య జోడీని గుర్తు తెచ్చుకోండి, దగ్గర దగ్గరగా అదే. ఆడమనిషికి ఏ వేషం ఇస్తారు? తళుకుల బట్టలున్నది కదా అనుకుంటాం. ఆనీ తీసుకున్నది ఓగుస్త్. తెల్ల జోకరు మొగుడు, తన్నులు తినేది ఈవిడ. చదవగానే నాకూ ఇబ్బందిగానే అనిపించింది, మొగుడి చేత దెబ్బలు తినడం కళ ఏమిటని. కానీ జనం ప్రాణం పెట్టేది ఎప్పుడూ ఓగుస్త్ మీదే. అల్లు రామలింగయ్యనే కదా మనం ఇంటికి తెచ్చుకునేది.

ఇప్పుడు నా పది నిమిషాలు.

ఏడాది చివర పిల్లలతో తల్లిదండ్రులు కూడా ఏదో ఒకటి చెయ్యాలన్నారు. మావారికి ఆఫీసు కాల్ ఉందట. ఇలాంటి వాటికి ఆయనకి కాల్ ఎప్పుడూ ఉంటుంది. టీచర్ మా అమ్మాయికి తెల్ల జోకరు టోపీ పెట్టింది, నాకు ఎర్ర ముక్కు ఇచ్చింది. మడత కుర్చీ ఒకటి. అమ్మాయి "కూర్చో" అంటుంది, నేను కూర్చోవాలి, కుర్చీ మూసుకుపోతుంది, నేను పడాలి. అంతే. రిహార్సల్‌కి ఆవపువ్వు రంగు కుర్తా, చున్నీ వేసుకుని వెళ్ళాను. నలుగురిలోకి వెళ్తున్నాం కదా, కాస్త శుభ్రంగా ఉండాలి.

మొదటిసారి పడ్డాను. ఎవరూ నవ్వలేదు. రెండోసారి ఇంకా గట్టిగా పడ్డాను, మోచెయ్యి కొట్టుకుపోయింది. ఒకావిడ "అయ్యో" అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోసారి పడగానే టీచర్ ఆపేసింది.

"నీ చెయ్యి ఎక్కడికి వెళ్ళింది?"

అర్థం కాలేదు. నా ఫ్రెంచ్ అంతంతమాత్రం, ఏ చెయ్యి అని అడిగాను. అక్కడ మాత్రం అందరూ నవ్వారు.

ఆవిడ నేను పడ్డట్టే పడి చూపించింది. పడగానే ఆవిడ చెయ్యి టక్కున వెళ్ళి కుర్తా అంచు కిందికి లాగింది, రెండో చెయ్యి చున్నీ సర్దింది. నేనే. అచ్చం నేనే. "దెబ్బ వెనకాల తగిలితే చెయ్యి అక్కడికి వెళ్ళాలి. నువ్వు ముందు బట్టలు చూసుకున్నావు. నువ్వు చూసుకున్నావు కాబట్టి మేమూ అటే చూశాం. ఇంకెక్కడ నవ్వుతాం?" అంది.

నాకు ముఖం మాడిపోయింది. మూడుసార్లూ అదే చేశానట, నాకు తెలియకుండానే. తెలిసి చేసేదైతే కదా మానడానికి. ఎప్పటినుంచి నేర్పారు ఇది! ఓణీ వేసుకున్న ఏడాది తెనాలి బస్టాండులో జారిపడ్డాను. అమ్మ పరుగెత్తుకొచ్చి మోకాలు చూడలేదు, ముందు పరికిణీ సర్దింది. ఆ తర్వాతే "దెబ్బ తగిలిందా" అని అడిగింది. ఆవిడనేం అంటాను, చుట్టూ నలభైమంది చూస్తున్నారు మరి.

టీచర్ లోపలికి వెళ్ళి ఒక మగవాళ్ళ ఓవర్‌కోటు తెచ్చింది. గోధుమరంగు, గళ్ళు, నాకు పిక్కల దాకా వచ్చింది. నాఫ్తలీన్ ఉండల వాసన. కోటు చేతులు నా చేతులకంటే జానెడు పొడుగు. కుర్తా, చున్నీ అన్నీ అందులో మునిగిపోయాయి. నాలుగోసారి పడ్డాను. చెయ్యి అలవాటుగా బయల్దేరింది, సర్దడానికి ఏమీ దొరకలేదు. పైగా కోటు చేతిలోంచి నా చెయ్యే బయటికి రాలేదు. నేను వెతుక్కుంటున్నాను, మా అమ్మాయి విసుగ్గా ఆ ఖాళీ కోటు చేతిని పట్టుకుని లాగుతోంది, నేను లోపల ఇరుక్కుని అటు తిరుగుతున్నాను. హాలంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు చెవిలో పడ్డప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు. అంతకుముందు నా నలభై ఏళ్ళ జీవితంలో నన్ను చూసి పదిమంది నవ్వితే సిగ్గు వెయ్యని రోజు లేదు.

ఇంటికొచ్చి ఆనీ ఫొటోలు మళ్ళీ తీసి చూశాను. పెద్ద కోటు, టోపీ, బూట్లు. ఇంతకుముందు చూసినప్పుడు మగవేషం వేసుకుందనుకున్నాను. అది మగవేషం కాదు. సర్దుకోవాల్సింది ఏదీ లేని బట్టలు, అంతే. ఆవిడ అలా అనుకునే వేసుకుందా అంటే నా దగ్గర రుజువు లేదు. నా మోచెయ్యే రుజువు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: హాస్యం రాకపోవడం కాదు. "నవ్వే ఆడదాన్ని నమ్మకూడదు" అని సామెత పెట్టుకున్న జాతి మనది. నవ్వితేనే నమ్మరు, ఇంక నవ్విస్తే? మన తోలుబొమ్మలాటలో కేతిగాడి పక్కన బంగారక్క ఉంది, ఎంత మోటు మాటైనా అనేస్తుంది, జనం పడిపడి నవ్వుతారు. ఆవిడ తోలుబొమ్మ కాబట్టి సరిపోయింది. పెళ్ళి సంబంధాలు చూడక్కర్లేదు. సినిమాల్లో రమాప్రభ, శ్రీలక్ష్మి లాంటివాళ్ళు ఎంత నవ్వించారు, వాళ్ళకి హీరోయిన్‌కి ఇచ్చిన మర్యాదలో సగమైనా ఇచ్చామా?

ఇంకో మంట. క్విజ్‌ల పిచ్చివాళ్ళు "ప్రపంచంలో మొదటి మహిళా జోకర్ ఎవరు" అని అడిగి ఆనీ పేరు చెప్తుంటారు. కాదు. 1895లోనే అమెరికాలో బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ ఎవెట్టా అనే ఆవిడ బొమ్మతో పెద్ద పోస్టర్లు వేసింది, "ఒకే ఒక్క లేడీ క్లౌన్" అని. ఆ "ఒకే ఒక్క" చూడండి. దాన్నే అమ్ముకున్నారు. ఆవిడ తర్వాత కూడా ఆడ జోకర్లు వచ్చారు, వచ్చిన ప్రతిసారీ "మొదటి"వాళ్ళే అయ్యారు. ప్రతి ఇరవై ఏళ్ళకోసారి కొత్తగా మొదటివాళ్ళు పుడుతున్నారంటే మధ్యలోవాళ్ళని మర్చిపోయామనే కదా అర్థం. ఆనీ గొప్పతనం మొదట రావడంలో లేదు. 1974లో మొగుడితో కలిసి సర్కస్ బడి పెట్టింది. ఫ్రాన్స్‌లో అలాంటి బడులు మొదలైందే అప్పుడు. అప్పటిదాకా సర్కస్ అంటే తండ్రి కొడుక్కి నేర్పాలి, బయటివాళ్ళకి దారి లేదు. వంశం పేరు చెప్పుకుని తలుపు వేసుకోగలిగిన మనిషి తలుపు తీసి పెట్టింది. 1997లో ఆవిడ పోయాక, 2003లో ఆ బడే సాన్‌దెనీలో అకాదెమీగా మారింది. నేను స్టేషన్ నుంచి చూసి నవ్వుకున్నది దాన్నే.

ఒక ఆదివారం పనిగట్టుకుని మెడ్రానో ఉండిన చోటు చూద్దామని రోష్‌షువార్ బులెవార్డ్‌కి వెళ్ళాను. 1970ల్లోనే కూల్చేశారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. వర్షంలో గొడుగు పట్టుకుని ఆ అపార్ట్‌మెంట్లనే ఫొటో తీసుకుని వచ్చాను, ఎందుకో.

అన్నట్టు, ఎతెక్స్‌తో జోడీ ఆగిపోయాక ఆనీ పక్కన తెల్ల జోకరుగా నిలబడింది ఎవరనుకున్నారు? ఆవిడకి మొదటి పెళ్ళివల్ల పుట్టిన కూతురు వలేరీ. కూతురు దర్జాగా ఆజ్ఞలు వెయ్యడం, తల్లి పడటం. ఇది టీచర్ నాకు మా ప్రదర్శన అయిపోయాక చెప్పింది. ముందు చెప్పి ఉంటే టెన్షన్‌తో కుర్చీ కూడా విప్పలేకపోయేదాన్ని.

మావారు కాల్ మధ్యలో వచ్చి వీడియో తీశారట, దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. రాత్రికి మా అత్తగారు ఫోన్.

"ఏమిటమ్మాయ్ ఆ పడటం? ఆ కోటేమిటి? నలుగురూ చూస్తే నవ్విపోరూ?"

"నవ్వాలనే అత్తయ్యా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మోచేతికి పసుపు పెట్టమంది, ఫోన్ పెట్టేసింది. వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, "ఆ కుర్చీ వీడియో మీ పిన్నత్తకి పంపాను, ఆవిడ ఫోన్‌లో తెరుచుకోవడం లేదట. చిన్నది చేసి పంపుతావా? ఆ చెయ్యి దొరకదు చూడూ, అక్కణ్ణుంచి చాలు" అంది.