మైకు కోసం ఈఎంఐ పెట్టుకోవాలా?

ప్రశ్న: వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. జీతం 24,000. ఇంటి అద్దె, పాప ఫీజు పోను నెలకు 3,000 మిగులుతాయి. మే నెలలో జీతం ఉండదు. బ్యాంకులో 45,000 ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మా అక్క పిల్లలకు వాట్సాప్‌లో కథలు చెప్పి పంపుతుంటాను. వాళ్ల స్నేహితుల ఇళ్లలోనూ వింటున్నారట. అందుకే పాడ్‌కాస్ట్, యూట్యూబ్ ఛానెల్ మొదలుపెడదామనుకుంటున్నాను. షాపులో ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు, ఇంటర్‌ఫేస్, స్టాండు, హెడ్‌ఫోన్స్, కేబుల్ కలిపి 30,000 అన్నారు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. మా తమ్ముడు మాత్రం 5,500కి యూఎస్‌బీ మైకు చాలంటాడు. ఆరు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందని నా ఆశ. ఏది కొనమంటారు?

జవాబు: ఈ రెండూ వద్దు. ముందుగా ఈఎంఐ వద్దు. ఎందుకో చెబుతాను.

షాపువాళ్లు ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే స్టూడియో సౌండు, యూఎస్‌బీ అంటే పిల్లల ఆట అన్నట్టు చెప్పి ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. మైకులో పుట్టేది సన్నటి కరెంటు తరంగం. దాన్ని పెంచి, అంకెలుగా మార్చాకే ల్యాప్‌టాప్ తీసుకుంటుంది. యూఎస్‌బీ మైకులో ఆ పని చేసే చిన్న సర్క్యూట్ లోపలే ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుకు అది ఉండదు, అందుకే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె విడిగా కొనాలి. మీ 30,000లో కొంత భాగం ఆ పెట్టెకే పోతుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్ గొప్పతనం దాని మూడు పిన్నుల్లో ఉంది. ఒకటి గ్రౌండు. మిగతా రెండింటిలో ఒకే శబ్దం ఒకదానికొకటి తలకిందులుగా ప్రయాణిస్తుంది, దారిలో అంటుకున్న కరెంటు హమ్ చివరికొచ్చేసరికి కొట్టుకుపోతుంది. మన గుడి ఉత్సవాల్లో మైకుసెట్ వాళ్లు స్టేజీ నుంచి మిక్సర్ దాకా ముప్ఫై నలభై మీటర్ల వైరు లాగినా గొంతు శుభ్రంగా వినిపించేది అందుకే. మీ టేబుల్ మీద వైరు మీటరున్నర కూడా ఉండదు. ఆ దూరంలో శ్రోతకు తేడా తెలిసే అవకాశం చాలా తక్కువ.

మీ రికార్డింగుకు అసలు శత్రువులు సీలింగ్ ఫ్యాను, పక్కింటి కుక్కరు, ఉత్త గోడలు. సున్నితమైన కండెన్సర్ మైకు వాటన్నిటినీ పట్టేస్తుంది. డైనమిక్ రకం మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుంటే గది తక్కువగా, గొంతు ఎక్కువగా పడుతుంది. మీ తమ్ముడు చూసింది కండెన్సరో డైనమిక్కో ముందు అడగండి. బట్టల బీరువా తలుపులు తెరిచి, దాని ఎదురుగా కూర్చుని చెప్పి చూడండి, బట్టలు ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. ఖర్చు లేకుండా వచ్చే ఈ లాభం పది వేల సామానుతో కూడా రాదు.

అలాగని యూఎస్‌బీ ఒక్కటే ఉన్న మైకు కూడా కొనమనను. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం నేను అలాంటిదే కొన్నాను. రెండేళ్లకు సాకెట్ లూజైంది. బాగుచేసేవాళ్లు దొరకలేదు, మైకంతా పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ఎక్స్‌ఎల్‌ఆర్‌కు ఆ బాధ తక్కువ, చెడేది ఎక్కువగా కేబులే. షూర్ ఎస్‌ఎం58 మైకు 1966 నుంచి వస్తోంది, అది నేటి ఇంటర్‌ఫేస్‌కూ తగులుకుంటుంది.

రెండో గొంతు, అంటే మీతోపాటు మాట్లాడే ఇంకొకరు, వస్తే ఇంకో చిక్కు. ఒకే కంప్యూటర్‌కు రెండు యూఎస్‌బీ మైకులు పెట్టి విడివిడిగా రికార్డు చేయడం తలనొప్పి. శబ్దాన్ని అంకెలుగా మార్చే వేగానికి ఒక్కో మైకుకూ సొంత గడియారం ఉంటుంది, గంటసేపు మాట్లాడితే రెండు గొంతులూ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతాయి. రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్‌తో ఆ గొడవ ఉండదు. కానీ మీరు ప్రస్తుతం ఒక్కరే కథ చెబుతున్నారు.

అందుకే మీకు సరిపోయేది యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండు సాకెట్లూ ఉన్న డైనమిక్ మైకు. శామ్‌సన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ అలాంటివే. చిన్న స్టాండు, రెండు రకాల కేబుళ్లు పెట్టెలోనే వస్తాయి. హెడ్‌ఫోన్ మైకుకే పెట్టుకుని మీ గొంతు మీరు వినొచ్చు. ఇవాళ యూఎస్‌బీతో మొదలుపెట్టండి. రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా ఈ మైకు మూలన పడదు. దీనికి 9,000 హద్దు పెట్టుకోండి. అంతకు మించితే ఆఫర్ వచ్చేదాకా ఆగండి.

ఇప్పుడు డబ్బు సంగతి. నో-కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేయడం మానదు. ఆ వడ్డీ మేరకు ధర ముందే తగ్గించి చూపిస్తారు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ నెత్తినే పడుతుంది. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ 30,000 మీద అది 415 రూపాయల దాకా వస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. నగదుకు ఇచ్చే తగ్గింపు కూడా చాలాసార్లు పోతుంది. ఇదంతా చిన్న మొత్తమే, నన్ను భయపెట్టేది ఇది కాదు. నెలకు 2,500 అంటే మీకు మిగిలే 3,000లో 500 తప్ప అంతా పోతుంది. మే నెలలో జీతం రాదు, కిస్తీ మాత్రం వస్తుంది. అప్పుడు బిల్లు బాకీ పడితే చాలా కార్డుల మీద నెలకు 3 శాతం పైనే వడ్డీ.

ఆరు నెలల్లో తిరిగొస్తుందన్న లెక్క కూడా చూద్దాం. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ కథ పది నిమిషాలైతే, మొదటి నుంచి చివరిదాకా 24,000 సార్లు వినాలి. పైగా పిల్లల కోసం చేసిన వీడియో అని గుర్తు పెడితే, 2020 నుంచి అక్కడ ఒక్కొక్కరి ఇష్టాలను బట్టి వేసే ప్రకటనలు రావు. ఆదాయం తగ్గుతుంది, కామెంట్లూ మూసేస్తారు. మీ కథలు వినాలనే నా కోరిక. కానీ ఆ ఆదాయాన్ని నమ్మి అప్పు చేయడానికి ఒప్పుకోలేను.

ఆ 45,000 ముట్టుకోకండి. మే నెల ఇల్లు గడవాలన్నా, పాపకు జ్వరమొచ్చినా అదే అక్కరకొస్తుంది. నెలకు 3,000 చొప్పున మూడు నెలలు పక్కన పెడితే 9,000. ఈ మూడు నెలలూ ఫోన్లోనే, బీరువా ముందు కూర్చుని, వారానికొక కథ రికార్డు చేయండి. పన్నెండు కథలు పూర్తయితే మైకు కొనండి. రెండో గొంతు నిలకడగా వచ్చినప్పుడు ఇంటర్‌ఫేస్ గురించి ఆలోచించవచ్చు. అదీ ఛానెల్ సంపాదించిన డబ్బుతోనే.

కొనేరోజు మీ ల్యాప్‌టాప్‌ను షాపుకు తీసుకెళ్లండి. యూఎస్‌బీ తగిలించి రెండు నిమిషాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లో వినండి. వాళ్ల దగ్గరున్న ఇంటర్‌ఫేస్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో కూడా తగిలించి చూడండి. బిల్లు మీ పేరు మీదే తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.