సామర్థ్యమా, దక్షతా?

సందేహం: మా డిప్లొమా పిల్లలకు నోట్సు రాస్తూ ‘గరిష్ఠ సామర్థ్య బదిలీ జరగాలంటే లోడు నిరోధాన్ని, మూల నిరోధాన్ని సరిపోల్చాలి’ అన్నాను. అప్పుడు నష్టమే ఉండదని పరీక్షల్లో రాస్తున్నారు. నా మాటల్లో తప్పుందా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

సమాధానం: ‘సామర్థ్యం’ తప్పు కాదమ్మా. భౌతికశాస్త్రం పుస్తకాల్లో పవర్‌కు ఆ మాటే స్థిరపడింది. మన రైతులు ఐదు హెచ్‌పీ మోటారు అనేది పుస్తకంలో ఐదు అశ్వసామర్థ్యాల మోటారు. చిక్కు బయటి వాడుకతో వచ్చింది. ‘ఇంధన సామర్థ్యం’ అని పత్రికల్లో చదివితే తక్కువ ఖర్చుకు ఎక్కువ పని అని తోస్తుంది. శాస్త్రంలో దాని పేరు దక్షత. పిల్లలు ఆ అర్థాన్నే క్లాసులోకి తెచ్చుకుంటున్నారు.

లెక్క వేసి చూపించండి. 12 వోల్టుల బ్యాటరీ మూలం, దాని లోపలి నిరోధం (అంతర్నిరోధం) 4 ఓమ్‌లు, మీరన్న మూల నిరోధం ఇదే. లోడు, అంటే ఆ కరెంటును వాడుకునే పరికరం, కూడా 4 ఓమ్‌లైతే ఒకటిన్నర ఆంపియర్ల కరెంటు పారి, లోడుకు 9 వాట్లు అందుతాయి. 2 ఓమ్‌లు పెట్టినా, 8 ఓమ్‌లు పెట్టినా అందేది 8 వాట్లే. సామర్థ్యం 4 దగ్గరే గరిష్ఠం. కానీ అక్కడ ఇంకో 9 వాట్లు బ్యాటరీలోనే వేడిగా పోతాయి, దక్షత 50 శాతమే. 8 ఓమ్‌ల దగ్గర దక్షత మూడింట రెండు వంతులు. పిల్లల్ని కోప్పడకండి. 1840 ప్రాంతంలో యాకోబీ అనే శాస్త్రవేత్త చెప్పిన ఈ సూత్రాన్ని పట్టుకుని, మోటారు దక్షత 50 శాతం దాటదని అప్పట్లో చాలామంది నమ్మారు. నేనైతే క్లాసులో ‘పవర్’ అనే అంటాను, దాని పక్కనే దక్షత ఎంతో చెబుతాను.

అసలు మార్చాల్సింది ‘సరిపోల్చాలి’ని. సరిపోల్చడమంటే పక్కపక్కన పెట్టి తేడాలు చూడడం. దాని బదులు ‘జతపరచాలి’ అంటే తీగ కలపమని అర్థం చేసుకుంటారు. జాతకాలకు వాడే ‘పొంతన’ నాకు ఇష్టం, ‘నిరోధాల పొంతన’ శీర్షికకు బాగుంటుంది. నిర్వచనంలో మాత్రం ‘లోడు నిరోధాన్ని మూల నిరోధానికి సమానం చేయాలి’ అని రాయండి. ఇక్కడ విభక్తి ముఖ్యం. మార్చేది లోడును, మూలం స్థిరం. లోడు స్థిరంగా ఉండి మూల నిరోధాన్ని మార్చే వీలుంటే ఈ సూత్రం వర్తించదు, అప్పుడు మూల నిరోధం ఎంత తగ్గితే లోడుకు అంత ఎక్కువ పవర్ అందుతుంది.